ఓ చెవి సూపు గిన్నె వైపు

శ్రోతలకు నమస్కారం.

ఈ పూట సూపు గురించి మాట్లాడుకుందాం. హోటల్లో భోజనానికి ముందు చిన్న కప్పులో పోసిచ్చే మొక్కజొన్న పిండి సూపు కాదు. అమెరికాలో చలికాలం రాగానే ఇళ్ళల్లో పెద్ద గిన్నె నిండా కాచుకునే బీఫ్ కూరగాయల సూపు. అక్కడ అదే భోజనం, పక్కన ఒక రొట్టె ముక్క ఉంటే చాలు. అందులో మాంసం, ఉల్లిపాయ, సెలెరీ అనే ఆకుకూర కాడలు, క్యారెట్, బంగాళాదుంప, బీన్స్, బఠాణీ, టమాటా వేస్తారు. ఫ్రిజ్‌లో ఏముంటే అదీ పడుతుంది. కొందరు గుప్పెడు బార్లీ కూడా వేస్తారు.

బీఫ్ తినని శ్రోతలు చాలామందే ఉంటారు. మీరు రేడియో కట్టేయకండి, నేను చెప్పేదంతా మేక మాంసానికీ పనికొస్తుంది. తినేవాళ్ళకు పెద్దకూర సంగతి కొత్తగా చెప్పాల్సింది లేదు. తెలంగాణలో ఎన్నో ఇళ్ళల్లో అది పండగ కూర. మాంసంలో కూరగాయ వేయడమూ మనకు కొత్త కాదు. దోసకాయ మాంసం వండుతాం, చుక్కకూర మాంసం వండుతాం. హైదరాబాద్ దాల్చాలో సొరకాయ ముక్క లేకపోతే అలిగేవాళ్ళు నాకు తెలుసు.

అయితే ఒక్క తేడా ఉంది. మన కూరల్లో ఎక్కడైనా కాస్త తగ్గితే అల్లం వెల్లుల్లి, కారం, గరం మసాలా ఆదుకుంటాయి. ఈ సూపులో ఆదుకునేవాళ్ళు లేరు. ఉప్పు, మిరియాలు, బిర్యానీ ఆకులాంటి ఒక ఆకు, అంతే. అందుకని నీళ్ళు పోయకముందు గిన్నెలో ఏం జరిగిందన్నదే ముఖ్యం. మళ్ళీ చెబుతున్నాను, నీళ్ళు పోయకముందు. అక్కడ మీకు సాయం చేసేది కంటికన్నా చెవి. రేడియోలో వంట గురించి మాట్లాడే ధైర్యం నాకు అక్కడి నుంచే వచ్చింది.

మెడకూ భుజానికీ మధ్య ఉండే మాంసం తీసుకోండి. అమెరికాలో దాన్ని చక్ అంటారు. కొవ్వు, నరాలు ఉన్న ముక్కే కావాలి. మెత్తగా, ఖరీదుగా ఉండే ముక్క ఈ పనికి పనికిరాదు, గంట ఉడికేసరికి పీచులా ఎండిపోతుంది. ఒక కిలో మాంసాన్ని అంగుళం ముక్కలుగా కోసి, తడి లేకుండా తుడవండి. మందపాటి గిన్నెను బాగా వేడెక్కించి, కొంచెం నూనె వేసి, నాలుగైదు ముక్కలు వేయండి. చుర్రుమంటుంది. ఆ చుర్రు ఆగకూడదు. ఒక పక్క ఎర్రబడేదాకా కదపకండి, తర్వాత తిప్పండి. అవి తీసి పక్కన పెట్టి, ఇంకో నాలుగైదు వేయండి.

తొందరలో కిలో మాంసమూ ఒకేసారి గుమ్మరిస్తే ఏమవుతుందో వినండి. మొదట చుర్రుమంటుంది. నిమిషం తిరక్కుండానే ఆ శబ్దం మెత్తబడి బుడబుడలోకి దిగుతుంది. అంటే గిన్నె చల్లబడింది, మాంసంలోంచి నీళ్ళు ఊరాయి, ముక్కలు వాటిలో ఉడుకుతున్నాయి. రంగు బూడిదలా మారుతుంది. నీళ్ళున్నంతసేపు వేడి వంద డిగ్రీలు దాటదు. మాంసం ఎర్రబడి ఆ వాసన రావాలంటే ఉపరితలం దాదాపు నూట నలభై డిగ్రీలకు చేరాలి. మాంసంలోని ప్రోటీన్ల ముక్కలూ చక్కెరలూ వేడికి కలిసి చేసే పని ఇది. 1912లో మెయ్యార్ అనే ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త వివరించాడు కాబట్టి దానికి ఆయన పేరే ఉంది.

ఎందుకు వేయించాలి అని ఎవరినడిగినా ఒకటే జవాబు చెబుతారు. "పైన ఎర్రగా కాలిస్తే రసం లోపలే ఉండిపోతుంది" అని. యూట్యూబులో చెబుతారు, పెద్ద పెద్ద వంటవాళ్ళు చెబుతారు. అది నిజం కాదు. కానీ ఆ మాట వెనక నాకు భలే ఇష్టమైన కథ ఒకటుంది, అది చెప్పకుండా ముందుకు పోలేను.

జర్మనీలో లీబిగ్ అని ఒక రసాయన శాస్త్రవేత్త ఉండేవాడు. 1803లో పుట్టాడు. మన రైతులకు ఆయన పేరు తెలియకపోయినా ఆయన పని తెలుసు. మొక్కకు నత్రజని, భాస్వరం, పొటాష్ లాంటివి కావాలని లోకానికి నచ్చజెప్పినవాళ్ళలో ముఖ్యుడు. అంతటి మనిషి 1847లో మాంసం మీద పడ్డాడు. మాంసంలోని సత్తువంతా రసంలోనే ఉందని, మొదట్లోనే గట్టి వేడి తగిలిస్తే పైన పొర బిగుసుకుని రసం బయటకు పోకుండా ఆపుతుందని రాశాడు. రాసింది లీబిగ్ కదా, వంట పుస్తకాలన్నీ మారిపోయాయి. తరాల తరబడి వంటవాళ్ళు అదే నేర్చుకున్నారు.

1930ల్లో అమెరికాలో మాంసాన్ని వండకముందు, వండాక తూచి చూశారు. ముందుగా కాల్చిన ముక్క రసాన్ని ఎక్కువేమీ దాచుకోలేదు. నిజానికి తూకం కూడా అక్కర్లేదు. గిన్నెలో ఆ చుర్రుమనే శబ్దం ఏమిటి? ముక్కలోంచి వచ్చిన నీరు ఆవిరైపోతున్న శబ్దం. రసం బయటకు వస్తున్నానని అరిచి చెబుతుంటే, లోపలే ఉందని మనం నమ్ముతున్నామన్నమాట!

కథ అక్కడితో ఆగలేదు. దక్షిణ అమెరికాలో తోళ్ళ కోసం, కొవ్వు కోసం పశువుల్ని కోసేవారు, మాంసానికి పెద్దగా ధర లేదు. అక్కడి మాంసాన్ని ఉడికించి, సారం తీసి, చిక్కబెట్టి యూరప్‌లో అమ్మడానికి 1865లో లీబిగ్ పేరుతో కంపెనీ పెట్టారు. ఉరుగ్వే దేశంలో ఫ్రై బెంటోస్ అనే ఊళ్ళో ఫ్యాక్టరీ. కిలో సారానికి దాదాపు ముప్పై కిలోల మాంసం పట్టేది. రోగులకు, బీదలకు బలమని అమ్మారు. తర్వాత వేరే శాస్త్రవేత్తలు పరీక్షించి, అందులో పోషణ తక్కువ, రుచి మాత్రం మెండు అని తేల్చారు. ఆ రుచి పేరు మీదే సరుకు చెల్లింది. ఇవాళ కొట్లో దొరికే సూపు బిళ్ళలు ఆ వంశానివే. ఆ పాత ఫ్యాక్టరీని 2015లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. నన్నడిగితే, మాంసం సరిగ్గా వేయిస్తే బిళ్ళ అక్కర్లేదు. అందులో మనకు దక్కేది చాలావరకు ఉప్పే.

సరే, గిన్నె దగ్గరికి వద్దాం. మాంసం తీసేశాక అడుగున ఎర్రటి పొర అంటుకుని ఉంటుంది. అంట్లు తోమేవాళ్ళకు అది బాధ, మనకు సూపు. అందులోనే ఉల్లిపాయ, సెలెరీ వేసి, అవి వదిలిన తడితో గరిటె పెట్టి గీకండి. నల్లగా మాడితే మాత్రం గిన్నె కడిగేయండి, చేదు పోదు. మాంసం మళ్ళీ వేసి రెండున్నర లీటర్ల నీళ్ళు పోయండి.

ఇప్పుడు వినాల్సింది రెండో శబ్దం. సలసల మరగకూడదు, కుతకుత ఉడకాలి. అక్కడొక బుడగ, ఇక్కడొక బుడగ. మాంసంలోని నరాలు డెబ్భై డిగ్రీలు దాటాక మెల్లగా కరిగి జిగురుగా మారుతాయి. సూపుకు ఆ నిండుతనం దాన్నించే వస్తుంది. మంట పెంచితే అది రెట్టింపు వేగంతో అవదు. ముక్క బిగుసుకుంటుంది, కొవ్వు నీళ్ళలో చితికి సూపు మడ్డిగా అవుతుంది. గంటన్నర, రెండు గంటలు పడుతుంది. ముదురు బర్రె మాంసమైతే ఇంకా ఎక్కువ. అంత టైమ్ లేదంటారా? కుక్కర్ పెట్టుకోండి, నాకేం అభ్యంతరం లేదు. కాకపోతే మాంసం వరకే. కూరగాయలు కూడా అందులో వేసి విజిళ్ళు లెక్కపెడితే బీన్స్ బీన్స్‌గా మిగలవు.

కూరగాయలకు వరస ఉంది. మాంసం మెత్తబడ్డాక క్యారెట్, బంగాళాదుంప. పది నిమిషాలాగి బీన్స్. బంగాళాదుంప సగానికి పైగా ఉడికాకే టమాటా, ఎందుకంటే పులుపు తగిలితే దుంప మెత్తబడటానికి మొరాయిస్తుంది. బఠాణీ, మొక్కజొన్న గింజలు చివరి ఐదు నిమిషాల్లో. ఉప్పు కూడా చివర్లోనే సరిచూడండి. నీళ్ళు ఇగురుతూ ఉంటాయి కాబట్టి మొదట సరిపోయిన ఉప్పు ఆఖరికి ఎక్కువవుతుంది.

టైమ్ అయిపోయిందని అద్దం అవతల నుంచి చెయ్యి ఊపుతున్నారు, ఒక్క ముక్క చెప్పి ఆపేస్తాను. ఈ సూపు మర్నాటికి ఇంకా బాగుంటుంది. ఫ్రిజ్‌లో పెడితే కొవ్వు పైన గడ్డకడుతుంది, వద్దనుకుంటే చెంచాతో తీసేయొచ్చు. నెలకు సరిపడా చేసి ఫ్రీజర్‌లో పెట్టుకునేవాళ్ళు మాత్రం బంగాళాదుంప వేయకముందే తమ వాటా తీసి పెట్టుకోండి. గడ్డకట్టి కరిగిన దుంప నోట్లో ఇసకలా తగులుతుంది. దుంప తినేరోజు వేసుకుంటే సరి. నమస్కారం.