ట్రోల్‌ని చంపితే 700, దాని సొమ్ము కొట్టేస్తే 7,000

డంజన్స్ అండ్ డ్రాగన్స్ అంటే ఒక్కొక్కరు ఒక్కో పాత్ర అయిపోయి, పాచికలేసి ఆడే సాహసాల ఆట. దాని పాత రూల్స్ ప్రస్తావన వస్తే చాలు, ఎవరో ఒకరు అంటారు: "అప్పట్లో అంతా కొట్టుడే కదా! తలుపు తన్నడం, రాక్షసుణ్ణి నరకడం." వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ రూల్స్ పుస్తకం తెరిచి చూస్తే ఎవరూ ఆ మాట అనరు.

[స్క్రీన్ మీద: చెక్క రంగు పెట్టె, మూడు చిన్న పుస్తకాలు]

1974, అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రం, లేక్ జెనీవా అనే చిన్న ఊరు. ఈ ఆట రాసింది గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్. మొదట అచ్చేసినవి 1,000 పెట్టెలు, పెట్టె ధర 10 డాలర్లు. మొదటి పుస్తకంలోనే ఎక్స్‌పీరియన్స్ పాయింట్లకి (ఇవి పోగైతేనే పాత్ర లెవెల్ పెరుగుతుంది) ఒక లెక్క చేసి చూపించారు. 8వ లెవెల్ మాంత్రికుడు ట్రోల్ అనే రాక్షసుణ్ణి చంపి, అది కాపలా కాస్తున్న 7,000 బంగారు నాణేలు తీసుకున్నాడు. చంపినందుకు 700. బంగారానికి 7,000.

పదింతలు! (మాంత్రికుడు 8వ లెవెల్, ట్రోల్ 7వ లెవెల్ కాబట్టి మొత్తం 7,700లో ఎనిమిదింట ఏడు వంతులే ఇచ్చి, 6,737.5 అని తేల్చారు. ఆ అర పాయింటు కూడా వదల్లేదు మహానుభావులు.)

అంటే ఇది దొంగతనం ఆట. దొంగతనానికి వెళ్ళినవాడు ఇంటివాళ్ళని నిద్ర లేపి మరీ తన్నులాట పెట్టుకుంటాడా? ట్రోల్ గురకపెడుతుంటే మూట భుజాన వేసుకుని జారుకోవడమే తెలివి. తమాషా ఏంటంటే, ఆ పెట్టెలో ఉన్న క్లాసులు, అంటే పాత్రల రకాలు, మూడే: యోధుడు, మాంత్రికుడు, క్లెరిక్ (పూజారి లాంటివాడు). 'దొంగ' క్లాసు 1975లో గ్రేహాక్ అనే అనుబంధ పుస్తకంలో గానీ రాలేదు. అప్పటిదాకా అందరూ దొంగలేగా, వేరే ఎందుకు!

ఈ ఆటకి మూలం బొమ్మ సైన్యాలతో ఆడే యుద్ధపు ఆటలు. వాటిల్లోంచి ఇలాంటిది ఎలా పుట్టింది? 1969లో మినెసోటాలో డేవిడ్ వెస్లీ అనే కుర్రాడు నెపోలియన్ కాలపు ఆట ఒకటి పెట్టాడు. పేరు బ్రౌన్‌స్టీన్. ఎప్పటిలా రెండు సైన్యాలున్నాయి. కానీ మిగతావాళ్ళకి రెజిమెంట్లు ఇవ్వకుండా, ఒకరికి మేయర్, ఒకరికి బ్యాంకరు అని మనుషుల పాత్రలు ఇచ్చాడు. సైన్యాలు కదలకముందే వీళ్ళు ఎవరి ఎత్తులు వాళ్ళు వేసుకుంటూ పోయారు. ఆట పాడైందని వెస్లీ బాధపడితే, ఆడినవాళ్ళు మళ్ళీ పెట్టమని పట్టుబట్టారు. వాళ్ళలో ఆర్నెసన్ ఒకడు. 1971లో అతను బ్లాక్‌మూర్ అనే సొంత ఆట మొదలుపెట్టి, కోట కింద నేలమాళిగలు తవ్వి జనాన్ని అందులోకి దింపాడు. కీర్తంతా గైగాక్స్ ఒక్కడికే కట్టబెట్టేవాళ్ళని చూస్తే నాకు ఇంకో కోపం, అది ఇంకో వీడియో.

సరే, మన దొంగతనానికి వద్దాం. మొదటి లెవెల్ మాంత్రికుడి ప్రాణం ఒక్క ఆరు ముఖాల పాచిక, ఎంత పడితే అంతే. ఒకటి పడిందా, ఒక్క దెబ్బకే అయిపోయాడు. ఏ ఆయుధం తగిలినా నష్టం కూడా ఒక ఆరు ముఖాల పాచికే, బాకైనా కత్తైనా. మంత్రం రోజుకి ఒకటి. వీడా తలుపు తన్నేది?

ఎదురుపడ్డ ప్రతి రాక్షసుడూ మీద పడడు కూడా. రెండు పాచికలు వేసి మొత్తం చూస్తారు: 2 నుంచి 5 వస్తే వ్యతిరేకం, 6 నుంచి 8 అయితే ఎటూ తేలనట్టు, 9 నుంచి 12 అయితే అనుకూలం. బేరమాడొచ్చు, లంచమివ్వొచ్చు.

పారిపోవడానికి కూడా రూల్స్ రాశారు. నాకు ఇష్టమైన పేజీ ఇదే. వెంటపడుతున్న బుద్ధిలేని జీవికి తిండి విసిరితే 90 శాతం సార్లు ఆగుతుంది. అదే తెలివైనదైతే 10 శాతమే, దానికి బంగారం విసరాలి. పెరట్లో కుక్కకి అన్నం ముద్ద, గస్తీవాడికి నోటు! ఆ గస్తీ కూడా ఉంది. ఆటలో పది నిమిషాలకో టర్న్, ప్రతి టర్న్ చివర పాచికలో ఆరు పడితే ఎవరో ఒకరు తిరుగుతూ వచ్చేస్తారు. ఆలస్యం చేసేకొద్దీ దొరికిపోతారన్నమాట.

టైం అయిపోతోంది, గబగబా చెప్పేస్తాను. గ్రేహాక్‌లో చంపుడు పాయింట్లు ఇంకా కోసేశారు: ఒక హిట్ డైస్ (ప్రాణం లెక్కకి వేసే పాచిక) ఉన్న ఓర్క్ అనే చిన్న రాక్షసుడికి 100 ఉండేది, 10కి దించారు. 1989లో రెండో ఎడిషన్ వచ్చేసరికి బంగారానికి పాయింట్లు ఇవ్వడం ఐచ్ఛికం అయిపోయింది. 2000లో మూడో ఎడిషన్ దాన్ని తీసేసి, గెలిచిన పోరాటాలకి పాయింట్లు కట్టింది. 'కొట్టుడు ఆట' అన్న పేరు నిజంగా రావాల్సింది దానికి, 1974 పెట్టెకి కాదు. ఆర్మర్ క్లాస్ (పాత్రకి దెబ్బ తగలడం ఎంత కష్టమో చెప్పే అంకె) పాత రూల్స్‌లో తగ్గేకొద్దీ ఎందుకు మంచిది అన్నది వచ్చే వీడియోలో.