పక్క ఫ్లాట్‌లో గంజాయి మొక్క: "రెండు కుండీలే కదా" అంటే కుదరదు

[స్క్రీన్ మీద: బాల్కనీ గ్రిల్ పక్కన రెండు నల్ల ప్లాస్టిక్ కుండీలు]

"రెండు మొక్కలే కదండీ, ఎండబెడితే కిలో కూడా రాదు. చిన్న కేసు, ఫైన్ కట్టి వదిలేస్తారు." పక్కింట్లో గంజాయి మొక్క గురించి మాటొస్తే చాలు, ఎవరో ఒకరు ఈ ముక్క అనేస్తారు. చదువుకున్నవాళ్లు కూడా అంటున్నారు. ఇది పూర్తిగా తప్పు. దీన్ని నమ్మి పెంచేవాడు మునుగుతాడు, చూసీ చూడనట్టు ఊరుకున్న ఇంటి ఓనరూ మునుగుతాడు. ఈ వీడియో దాని కోసమే.

ఒక ఉదాహరణ పెట్టుకుందాం, చివరిదాకా దాన్నే వాడతాను. హైదరాబాద్‌లోనో విశాఖలోనో ఐదంతస్తుల అపార్ట్‌మెంట్. 402లో ఒక కుర్రాడు అద్దెకుంటున్నాడు. అతని బాల్కనీలో రెండు కుండీలు. మీరు 403. మధ్యలో నడుమెత్తు గోడ.

మొదట అది గంజాయి మొక్కేనా అన్నది తేల్చుకోండి. ఎందుకంటే మనవైపు బాల్కనీల్లో గోంగూర పెంచేవాళ్లు బోలెడు మంది. ముదురు గోంగూర ఆకు దూరం నుంచి చూస్తే అచ్చం అలాగే ఉంటుంది. తేడా ఇదీ. గోంగూరది ఒకే ఆకు, వేళ్లలా చీలి ఉంటుంది, చీలికలన్నీ ఆకు మొదలు దగ్గర కలిసే ఉంటాయి. గంజాయిలో ఆ ఒక్కో వేలూ ఒక విడి ఆకే. మూడు, అయిదు, ఏడు, తొమ్మిది, ఇలా బేసి సంఖ్యలో, కాడ కొసన ఒకే చోట కలుస్తాయి. ప్రతి ఆకు అంచూ రంపంలా ఉంటుంది. వావిలి కూడా అయిదు ఆకుల గుత్తే, కానీ దాని అంచు దాదాపు నున్నగా ఉంటుంది, ఆకు అడుగున తెల్లగా బూడిద పూసినట్టు ఉంటుంది. కర్రపెండలం అంచు కూడా నున్ననే. వామింటదీ అంతే, పైగా దానికి పసుపు పూలొస్తాయి.

పూత చూస్తే ఇంక సందేహం ఉండదు. గోంగూరకి లేత పసుపు రేకులు, మధ్యలో ముదురెరుపు. గంజాయి పువ్వుకి రేకులే ఉండవు. కొమ్మల చివర గుబురుగా, జిగురుగా, సన్నటి తెల్లని వెంట్రుకలు పొడుచుకొచ్చినట్టు కనిపిస్తుంది. ముదిరేకొద్దీ ఆ వెంట్రుకలు గోధుమరంగుకి తిరుగుతాయి. వాసన కూడా ప్రధానంగా పూత ముదిరే ఆఖరి వారాల్లోనే గుప్పుమంటుంది. అందుకే రెండు నెలలు ఏ వాసనా రాలేదు కాబట్టి ఏమీ లేదనుకోవడానికి లేదు. జానెడు మొక్క అయితే మాత్రం తొందరపడకండి. లేత మొక్కకి మొదట వచ్చే ఆకులు ఒకటీ మూడూ రెక్కలతోనే ఉంటాయి, ఆ దశలో ఎవరైనా పొరబడతారు.

ఇక కుండీలు బాల్కనీలో కాదు, గది లోపల ఉన్నాయనుకుందాం. కిటికీ సందులోంచి ఊదారంగు లైటు, పగలూ రాత్రీ ఫ్యాను శబ్దం. ఇవి అనుమానాలే తప్ప రుజువులు కావు. ఊదారంగు లైటు కింద పాలకూర పెంచుకునేవాళ్లున్నారు, చేపల తొట్టెలకీ అదే లైటు పెడతారు. కరెంటు బిల్లూ రుజువు కాదు. 300 వాట్ల లైటు రోజుకి 18 గంటలు వెలిగితే 5.4 యూనిట్లు, నెలకి 160 యూనిట్ల పైచిలుకు. ఎండాకాలంలో రాత్రంతా ఏసీ వేసుకునే ఇంట్లో అంతకన్నా ఎక్కువే కాలుతుంది. కాబట్టి మెల్లగా వెళ్లి మీటర్ రీడింగులు ఫొటోలు తీయడం మానేయండి, దానివల్ల ఒరిగేదేమీ లేదు.

లోపల పెంచుతుంటే మీకు అసలు ప్రమాదం వేరే ఉంది: నిప్పు. ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకి లైటు, ఎగ్జాస్ట్ ఫ్యాను, నీళ్ల మోటారు, అన్నీ తగిలించి రోజుకి 18 గంటలు నడుపుతారు. పక్కనే తడి. వదులైన ప్లగ్గు దగ్గర వేడెక్కి ప్లాస్టిక్ కరుగుతుంది. మాటిమాటికీ ఎంసీబీ పడిపోతున్నా, మీ పడగ్గది గోడ మీద చెమ్మ నల్లటి మచ్చలుగా లేస్తున్నా, అసోసియేషన్‌కి దాన్ని కరెంటు సమస్యగానో, సీపేజీ సమస్యగానో రాసివ్వండి. గంజాయి మాట అందులో రానక్కర్లేదు. ఆ ఫిర్యాదు దానికదే నిలబడుతుంది.

ఇప్పుడు చట్టం. ఎన్‌డీపీఎస్ చట్టం, 1985, అంటే మత్తుమందుల మీద ఉన్న కేంద్ర చట్టం. "కిలో లోపు చిన్న కేసు" అనే మాట పుట్టింది ఇందులోని సెక్షన్ 20 నుంచే. కాకపోతే జనం అందులో సగమే చదివారు.

[స్క్రీన్ మీద: సెక్షన్ 20 — (ఎ) సాగు, (బి) దగ్గర ఉంచుకోవడం, అమ్మడం, కొనడం, రవాణా]

కిలో, ఇరవై కిలోలు అనే లెక్కలన్నీ (బి)లో ఉన్నాయి. ఎండు గంజాయి కిలో దాకా స్వల్ప పరిమాణం. దానికి ఏడాది వరకు జైలు, లేదా పదివేల వరకు జరిమానా, లేదా రెండూ. 20 కిలోలకి పైబడితే వాణిజ్య పరిమాణం. అప్పుడు కనీసం పదేళ్లు, గరిష్ఠంగా ఇరవై. ఇదంతా దగ్గర ఉంచుకున్నవాడికీ, అమ్మినవాడికీ, మోసినవాడికీ.

మన 402 కుర్రాడు చేస్తున్నది సాగు. అది (ఎ). అక్కడ కిలోల ప్రసక్తే లేదు. గంజాయి మొక్క ఏదైనా సాగు చేస్తే పదేళ్ల వరకు కఠిన కారాగారం, లక్ష వరకు జరిమానా. కనీస శిక్ష ఇంత అని లేదు కాబట్టి జడ్జి తక్కువ వేయొచ్చు. కానీ కుండీ ఒకటా, ఎకరమా అన్న తేడాతో సెక్షన్ మారదు. స్టేషన్ బెయిల్ దొరికే నేరం కూడా కాదిది. ఆ ఇంట్లో డబ్బాలో ఎండబెట్టిన పూత దొరికితే (బి) దానికి అదనంగా పడుతుంది.

"ఆకు గంజాయి కిందికి రాదు కదా" అనే వాదన ఇంకొకటి. నిజమే, చట్టంలో గంజాయి అంటే పూత, కాయ ఉన్న కొమ్మ చివర్లు. వాటితో కలిసి లేని గింజలూ ఆకులూ ఆ నిర్వచనంలోకి రావు. తూకం దగ్గర లాయర్లు మొక్క వేళ్లూ, కాండమూ తీసేసి తూచారా అని అడిగేది కూడా ఇందుకే. కానీ సెక్షన్ 8 నిషేధించింది మొక్క సాగునే. పూత రాకముందు పట్టుబడ్డా సాగు సాగే. హెంప్ గింజలు, అంటే గంజాయి జాతి మొక్క గింజల సంగతీ ఇంతే. 2021లో ఆహార భద్రతా సంస్థ వాటిని తినే పదార్థంగా అనుమతించింది, ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, కొనుక్కుని తినొచ్చు. మట్టిలో వేసి మొలకెత్తించారో, నేరం అక్కడ మొదలవుతుంది.

దానంతటదే మొలిచిందంటే? ఖాళీ స్థలంలో అయితే ఆ వాదనకి కొంత బలం ఉంటుంది, ఎందుకంటే సాగు అంటే ఎవరో పెంచినట్టు రుజువవ్వాలి. కుండీలో ఉండి, వెదురు కర్రకి పురికొసతో కట్టి, మొక్క మొదలు దగ్గర డ్రిప్ పైపు పెట్టి ఉంటే ఆ మాట నిలవదు. మీ బాల్కనీలోంచి మామూలుగా కనబడేదాన్ని ఒక ఫొటో తీస్తే ఆకుతో పాటు ఆ కర్ర, ఆ పైపు కూడా పడేలా తీయండి. ఒకటి రెండు చాలు. వాళ్ల కిటికీకి ఎదురుగా కెమెరా బిగించడం, డ్రోన్ ఎగరేయడం వద్దు. ఆ ఇంట్లో ఆడవాళ్లుంటే ఆడవాళ్లని చాటుగా చూడటం, ఫొటోలు తీయడం మీద ఉన్న భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 77 మీ మెడకి చుట్టుకోవచ్చు.

చేయకూడనివాటిలో అన్నిటికన్నా ఎక్కువగా జరిగేది: అసోసియేషన్ వాళ్లు నలుగురు కలిసి వెళ్లి, కుర్రాడిని తిట్టి, మొక్కలు పీకి, చెత్త బండిలో వేయించడం. పరువు కాపాడుకున్నామనుకుంటారు. జరిగిందేమిటో చూడండి. అనుమతి లేకుండా ఇంట్లోకి వెళ్లారు, అది న్యాయ సంహితలోనే సెక్షన్ 329. సాక్ష్యం మాయం చేశారు, అది 238. పీకిన మొక్క ఎవరి చేతిలో ఉందో, ఆ కాసేపూ అది వాళ్ల దగ్గర ఉన్నట్టే. వాచ్‌మన్‌తో మోయిస్తే పాపం ఆ వాచ్‌మన్ ఇరుక్కుంటాడు. ఈ పని మాత్రం ఎవరు చెప్పినా చేయకండి.

వాట్సాప్ గ్రూపులో ఫొటో పెట్టడం రెండో తప్పు. పది నిమిషాల్లో కుండీలు మాయమవుతాయి. మొక్క గోంగూర అని తేలిందా, పరువునష్టం కేసు మీ మీదే.

మరి ఎవరికి చెప్పాలి? తెలంగాణలో ఈగల్, అంటే డ్రగ్స్ కేసులు చూసే పోలీసు విభాగం, నంబరు 1908. ఆంధ్రప్రదేశ్‌లోనూ ఈగలే, కానీ అది వేరే సంస్థ, నంబరు 1972. దేశంలో ఎక్కడున్నా మానస్ అనే జాతీయ డ్రగ్స్ హెల్ప్‌లైన్, 1933. ఇది 2024 జులైలో మొదలైంది, పేరు చెప్పకుండా సమాచారం ఇవ్వొచ్చు. బీట్ కానిస్టేబుల్ చెవిన వేసి ఊరుకుంటే సరిపోదు. ఎన్‌డీపీఎస్ చట్టం సెక్షన్ 42 కింద వారెంట్ లేకుండా ఇల్లు సోదా చేసే అధికారం కానిస్టేబుల్ కన్నా పై హోదాలో, ప్రభుత్వం అధికారమిచ్చిన ఆఫీసర్‌కే ఉంది. ఆయన మీరిచ్చిన సమాచారాన్ని కాగితం మీద పెట్టాలి, 72 గంటల్లో పై అధికారికి నకలు పంపాలి. సూర్యాస్తమయం తర్వాత వెళ్లాలంటే ఎందుకు ఆగలేకపోయారో కారణం కూడా రాయాలి. 2009లో కర్నైల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది: ఆలస్యానికి సరైన కారణం చెబితే ఒప్పుకోవచ్చు, అసలు రాయనేలేదంటే ఒప్పుకోం అని. అందుకే ఫోన్ చేసిన గంటలో జీపు రాలేదని పోలీసుల్ని తిట్టుకోకండి. ఆ కాగితం సరిగ్గా లేకపోతే రేపు కేసు కొట్టేస్తారు.

మీ వంతుగా వివరం గట్టిగా ఇవ్వండి. "మా అపార్ట్‌మెంట్‌లో ఎవరో గంజాయి పెంచుతున్నారండీ" అంటే ఎవరికీ ఉపయోగం లేదు. ఇలా చెప్పాలి:

[స్క్రీన్ మీద] "బి బ్లాక్, నాలుగో అంతస్తు, 402, లిఫ్ట్ దిగగానే ఎడమవైపు మొదటి తలుపు. తూర్పు బాల్కనీలో నల్ల కుండీలు రెండు. మొక్కలు సుమారు నాలుగడుగులు, కర్రకి కట్టి ఉన్నాయి, పూత మొదలైంది. నిన్న ఉదయం ఏడింటికి మా బాల్కనీలోంచి కళ్లారా చూశాను. ఇంట్లో పొద్దున పది లోపు మనిషి ఉంటాడు."

కళ్లారా చూసింది, వాసన వల్ల అనుకున్నది, పక్కవాళ్లు చెప్పగా విన్నది, ఈ మూడూ విడివిడిగా చెప్పండి. పొద్దున్నే ఫోన్ చేస్తే మేలు, పగటి వెలుతురు చేతిలో ఉంటుంది.

మీ పేరు బయటపడుతుందా? సెక్షన్ 68 ప్రకారం సమాచారం ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పమని పోలీసుని ఎవరూ బలవంతం చేయలేరు. అయితే సోదా రోజున పంచనామాకి ఇద్దరు స్థానికులు కావాలి. మీ తలుపే తట్టొచ్చు. సమాచారం ఇవ్వడం, పంచుగా, అంటే సోదాకి సాక్షిగా ఉండటం ఒకటి కాదు. పంచుగా సంతకం పెడితే రేపు కోర్టుకి వెళ్లాల్సి వస్తుంది. మీరే సమాచారం ఇచ్చి ఉంటే ఆఫీసర్‌కి ముందే చెప్పేయండి, వేరేవాళ్లని పిలుచుకుంటారు. సోదాని వీడియో తీయాలని కొత్త నాగరిక్ సురక్షా సంహిత చెబుతోంది, కాబట్టి కారిడార్‌లో గుమిగూడకండి, అందులో పడతారు.

ఇక ఓనర్. మన 402 ఓనర్ డాలస్‌లో ఉన్నాడనుకోండి, నెలనెలా అద్దె ఖాతాలో పడుతోంది. ఎన్‌డీపీఎస్ చట్టం సెక్షన్ 25: తన ఇంట్లో ఈ నేరం జరగడానికి తెలిసి కూడా ఒప్పుకున్న ఓనర్‌కి అసలు నేరానికి ఉన్న శిక్షే. ఇక్కడ కీలకం "తెలిసి". అతనికి నిజంగా తెలియకపోతే భయం లేదు. అసోసియేషన్ నుంచి ఒక మెయిల్ వెళ్లిందా, తెలియదనే మాట ఆ రోజుతో పోతుంది. కానీ ఆ మెయిల్ సోదా అయ్యాకే పంపండి, ముందు పంపితే ఓనర్ కుర్రాడికి ఫోన్ చేస్తాడు, బాల్కనీ ఖాళీ అవుతుంది. అవే కుండీలు టెర్రస్ మీద ఉంటే లెక్క మారుతుంది. టెర్రస్ అందరిదీ, దాని తాళం అసోసియేషన్‌ది. తెలిసీ ఊరుకుంటే అదే సెక్షన్ సెక్రటరీ గుమ్మం దాకా వస్తుంది.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెబుతాను.

పార్కింగ్ గొడవ మనసులో పెట్టుకుని అబద్ధపు సమాచారం ఇస్తే, దానివల్ల సోదానో అరెస్టో జరిగితే, సెక్షన్ 58 కింద రెండేళ్ల వరకు జైలు. అది కావాలని, కక్షతో చేసినవాళ్లకి. గోంగూర చూసి నిజాయితీగా పొరబడినవాళ్లకి కాదు.

విదేశాల్లో చట్టాలు వేరు. కెనడాలో ఫెడరల్ చట్టం ఇంటికి నాలుగు మొక్కలు ఒప్పుకుంటుంది, క్యూబెక్ ఒప్పుకోదు. జర్మనీలో 2024 ఏప్రిల్ నుంచి పెద్దవాళ్లకి మనిషికి మూడు. అక్కడి బంధువు చెప్పిన మాట ఇక్కడి బాల్కనీకి వర్తించదు.

ఆ కుర్రాడు మీకు బాగా తెలిసినవాడు, అలవాటు పడిపోయాడు, కేసు దాకా వెళ్లాలంటే మనసొప్పట్లేదు అనుకుందాం. ఆ బాధ నాకు అర్థమవుతుంది. చికిత్సకి తనంతట తాను వెళ్లేవాళ్లకి సెక్షన్ 64-ఎ రక్షణ ఇస్తుంది, కానీ అది వాడకం, స్వల్ప పరిమాణం కేసులకే. సాగుకి ఆ రక్షణ ఉంటుందని అతనికి భరోసా ఇవ్వకండి. వ్యసనం మానిపించే ఉచిత జాతీయ హెల్ప్‌లైన్ 14446. ఇంట్లోవాళ్లు కూడా ఫోన్ చేయొచ్చు.