టేబుల్ సాకి ఇంట్లోనే క్రాస్‌కట్ స్లెడ్: ఐదు కోతలతో మూలమట్టం

నమస్కారమండీ. టేబుల్ సా అంటే బల్ల మధ్యలోంచి గుండ్రటి బ్లేడ్ పైకి వచ్చే కోత మిషన్. దాంతో పాటు వచ్చిన మైటర్ గేజ్‌తో (చెక్కని ఆనించి బ్లేడ్ మీదికి తోసే సాధనం) ఓ వెడల్పాటి పలకని అడ్డంగా కోసి, మూలమట్టం పెట్టి చూడండి. చాలాసార్లు సందులోంచి వెలుతురు కనిపిస్తుంది. గేజ్ స్లాట్‌లో (టేబుల్ మీద బ్లేడ్ వెంట ఉండే గాడి) కాస్త ఊగుతుంది, పైగా దాని ముఖం పొట్టిది. పెద్ద పలకని అదేం పట్టుకుంటుంది? అందుకే ఇవాళ స్లెడ్ చేద్దాం. చెక్కని తన మీద పెట్టుకుని, స్లాట్ల వెంట బ్లేడ్ మీదుగా జారే పలక ఇది.

ముందు ప్లగ్ తీసేయండి. బ్లేడ్ స్లాట్‌కి సమాంతరంగా ఉందో లేదో చూడాలి. బ్లేడ్ మీద ఒక పన్నుకి గుర్తు పెట్టండి. అది మన వైపు ఉన్నప్పుడు స్లాట్ నుంచి దూరం కొలవండి. తర్వాత బ్లేడ్ తిప్పి, అదే పన్నుని అవతలి వైపుకి తెచ్చి మళ్లీ కొలవండి. రెండు కొలతలూ ఒకటే రావాలి. రాకపోతే ముందు మిషన్ సరిచేయండి. ఈ తేడాని ఏ స్లెడ్డూ సరిచేయలేదు, కోసిన అంచు కాలి నల్లబడుతుంది కూడా.

అడుగు పలకకి 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ చాలు. అంతకన్నా మందమైతే ఆ మేరకు బ్లేడ్ ఎత్తు పోతుంది. సైజు మీ టేబుల్‌ని బట్టి. నేను 600 వెడల్పు, 450 లోతు తీసుకున్నా. పలక వంకర లేకుండా ఉండాలి, అంతే.

రన్నర్ల (స్లెడ్ అడుగున ఉండి స్లాట్లలో జారే పట్టీలు) దగ్గర మాత్రం తొందర వద్దు. పెద్ద మిషన్లలో స్లాట్ సాధారణంగా 19 మిల్లీమీటర్ల వెడల్పు, 9.5 లోతు ఉంటుంది. అయినా ఆ అంకెని నమ్మకండి, కాలిపర్‌తో (సన్నటి తేడాలు కూడా కొలిచే సాధనం) మీ స్లాట్‌ని కొలవండి. గట్టి చెక్క తీసుకుని, కొద్దికొద్దిగా చిత్రిక పడుతూ వెడల్పు కుదర్చండి. వేలితో తోస్తే జారాలి, పక్కకి మాత్రం కదలకూడదు. గాలిలో తేమ పెరిగితే చెక్క ఉబ్బి బిగుసుకుంటుంది. అప్పుడు ఒక్క పొర తీస్తే సరిపోతుంది. ఎత్తు స్లాట్ లోతుకన్నా కాస్త తక్కువే ఉంచండి, అడుగున పొట్టు చేరితే స్లెడ్ పైకి లేస్తుంది.

ఇప్పుడు స్లాట్‌లో వాషర్లు వేసి, వాటి మీద రన్నర్లు పెట్టండి. రన్నర్ పైభాగం టేబుల్ కన్నా వెంట్రుకవాసి ఎత్తులో ఉండాలి. జిగురు రాసి, రిప్ ఫెన్స్‌కి (మిషన్ మీద బ్లేడ్‌కి సమాంతరంగా ఉండే అడ్డుపట్టీ) ఆనించి అడుగు పలకని దింపండి. జిగురు ఆరాక స్క్రూలు వేయండి. బ్లేడ్ దారిలో ఒక్క స్క్రూ కూడా ఉండకూడదు.

స్లెడ్ మీద అడ్డంగా నిలబెట్టే ఫెన్సులు (అడ్డుగోడలు) రెండు. రెంటికీ 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ ముక్కలు రెండేసి అతికించి, సమతలం మీద క్లాంప్ చేసి ఆరనివ్వండి. అవతలి ఫెన్స్ పని అడుగు పలక రెండు ముక్కలవకుండా పట్టుకోవడమే, దాన్ని బిగించేయండి. మన వైపు ఫెన్సే అసలుది. దానికి కుడి చివర ఒకే ఒక్క స్క్రూ, ఎడమ చివర క్లాంప్. మూలమట్టంతో సుమారుగా నిలబెట్టండి. బ్లేడ్‌ని పైకి లేపి, అవతలి ఫెన్స్ దాటకుండా స్లెడ్‌లో గాడి కోయండి.

ఇక ఐదు కోతలు. సుమారు 320 మిల్లీమీటర్ల చదరపు ఎం.డి.ఎఫ్. (చెక్క పీచుని నొక్కి చేసిన పలక) ముక్క తీసుకోండి. బ్లేడ్‌కి ఎడమవైపు పెట్టి కుడి అంచు కోయండి. ఇప్పుడు కోసిన అంచు ఫెన్స్‌కి ఆనేలా గడియారం ముల్లు దిశలో తిప్పి, మళ్లీ కోయండి. ఇలా నాలుగు. ఐదోసారి 20 మిల్లీమీటర్ల పట్టీ తెగేలా కోయండి. కోయకముందే ఫెన్స్‌కి ఆనిన కొసకి 'దగ్గర' అని, రెండోదానికి 'దూరం' అని రాసుకోవాలి, తెగాక ఏది ఏదో తెలీదు.

ఎందుకింత తతంగం? ఒక్కో మూలలో ఉన్న చిన్న తేడా తర్వాతి మూలకి చేరుతూ, చివరి పట్టీలో నాలుగింతలై కనిపిస్తుంది. మూలమట్టానికి దొరకని తప్పు కాలిపర్‌కి దొరుకుతుంది.

లెక్క చూద్దాం. దగ్గర కొస 20.40, దూరం కొస 20.20 అనుకోండి. తేడా 0.20. నాలుగుతో భాగిస్తే 0.05. పట్టీ పొడవు 300 కాబట్టి, 300కి 0.05 తప్పు. కుడి స్క్రూ నుంచి ఎడమ చివర దాకా 500 అయితే, 0.05ని 300తో భాగించి 500తో గుణించండి. దాదాపు 0.08 వస్తుంది. ఎడమ చివర అంత కదలాలి. ఎటు? దగ్గర కొస వెడల్పుగా ఉంటే అవతలికి, సన్నగా ఉంటే మన వైపుకి.

0.08 కంటితో కదిలించలేం. ఫెన్స్ ఎటు జరగాలో అటు పక్కన ఒక దిమ్మ పెట్టి, మధ్యలో 0.08 ఫీలర్ గేజ్ రేకు (సందులు కొలిచే, కచ్చితమైన మందం ఉన్న పల్చటి రేకు) దూర్చి, దిమ్మని క్లాంప్ చేయండి. రేకు తీసేసి, ఫెన్స్ క్లాంప్ వదులు చేసి, దిమ్మకి తగిలేదాకా నెట్టి బిగించండి. మళ్లీ ఐదు కోతలు కోయండి. పట్టీ తేడా 0.1 లోపు వస్తే నాకు చాలు, ఇంకా వెంటపడితే ఆ రోజంతా అదే పని. వచ్చాక మిగతా స్క్రూలు అడుగునుంచి వేసి, చివరగా ఇంకోసారి చూడండి. స్క్రూ బిగిస్తుంటే కూడా ఫెన్స్ జరగొచ్చు.

ఒక్కటి మాత్రం వదిలేయకండి. బ్లేడ్ మన వైపు ఫెన్స్ దాటి బయటికొచ్చే చోట, వెనక మందపాటి దిమ్మ అతికించి ఎర్ర రంగు వేయండి. ఫెన్స్ పట్టుకున్నప్పుడు బొటనవేలు వెళ్లేది సరిగ్గా అక్కడికే.

ఒకే పొడవు ముక్కలు చాలా కావాలంటే ఫెన్స్‌కి స్టాప్ దిమ్మ బిగించుకోండి. మనకి కావలసిన ముక్క వైపే బిగించాలి, అవతల తెగిన ముక్క స్వేచ్ఛగా పక్కకి జరగాలి. ఆ పనికి రిప్ ఫెన్స్‌ని వాడొద్దు. తెగిన ముక్క ఫెన్స్‌కీ బ్లేడ్‌కీ మధ్య ఇరుక్కుంటే మీ మీదికే విసురుతుంది. స్టాప్ దిమ్మ కింది అంచుని కాస్త ఏటవాలుగా చెక్కండి, పొట్టు అక్కడ చేరి కొలత తప్పకుండా.