కరోనా చావుల లెక్క ఎందుకు తేలలేదు

అందరికీ నమస్కారం. కరోనా కాలంలో ప్రభుత్వాలు చెప్పిన అంకెల్ని నమ్మవచ్చా అన్నది ఈరోజు నన్ను మాట్లాడమన్న విషయం. శ్రీకాకుళంలో ఈ మాట ఎత్తితే సభ రెండుగా చీలిపోతుంది. అంతా దాచేశారని కొందరంటారు. ఉన్నదే చెప్పారని మరికొందరంటారు. చావుల లెక్క చాలా తక్కువగా నమోదైందనే నేనూ అనుకుంటున్నాను. కానీ ఎవరో ఒకరు కూర్చుని దాచడం వల్లే ఇదంతా జరిగిందని మాత్రం అనుకోను.

కేసుల సంగతి ముందు త్వరగా చెప్పేస్తాను. 2020 ఏప్రిల్‌లో రాష్ట్రమంతా కేసులు పెరుగుతుంటే మన జిల్లాలో నెల చివరి దాకా ఒక్కటీ లేదు. పాతపట్నం వైపు తొలి కేసులు బయటపడ్డాక గానీ మనకు టెన్షన్ మొదలవలేదు. విజయనగరంలో మే నెల వచ్చేదాకా సున్నాయే. సున్నా అంటే జబ్బు లేదని కావచ్చు, పరీక్ష చేయలేదని కూడా కావచ్చు. ఎన్ని పరీక్షలు చేశారో చెప్పకుండా కేసుల సంఖ్య ఒక్కటే చెబితే దానికి అర్థం లేదు. దీని మీద పెద్దగా గొడవ కూడా లేదు.

గొడవంతా చావుల దగ్గరే. 2020, 2021 సంవత్సరాల్లో కరోనా వల్ల నేరుగానో పరోక్షంగానో మన దేశంలో మామూలుగా చనిపోయేవారి కంటే 47 లక్షల మంది అదనంగా చనిపోయి ఉంటారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మేలో అంచనా వేసింది. 2021 చివరికి మన అధికారిక లెక్క 4.8 లక్షలు. అంచనా కట్టిన పద్ధతే తప్పని కేంద్రం అభ్యంతరం చెప్పింది. ఆ అభ్యంతరంలో కొంత న్యాయం ఉంది, అది గణిత నమూనా (మోడల్) మీద ఆధారపడిన అంచనాయే. అయితే 2025లో మన ప్రభుత్వమే విడుదల చేసిన జనన మరణాల నమోదు నివేదిక చూడండి. 2020లో నమోదైన మరణాలు 81 లక్షలు, 2021లో 102 లక్షలు. ఏడాదిలో దాదాపు 21 లక్షలు పెరిగాయి. నమోదు మెరుగుపడటం వల్ల కొంత పెరిగి ఉంటుంది. అదంతా తీసేసినా, అధికారిక కరోనా మరణాలతో ఈ పెరుగుదలకు పొంతన కుదరదు.

మన రాష్ట్రం సంగతికి వస్తాను. కరోనాతో చనిపోయినవారి కుటుంబాలకు 50 వేల రూపాయలు ఇవ్వాలని 2021లో నిర్ణయమైంది. 2022 జనవరికి రాష్ట్రం చెప్పిన మరణాలు 14 వేల పైచిలుకు, పరిహారం కోసం వచ్చిన దరఖాస్తులు 36 వేల పైచిలుకు. ఈ అంకెలు సుప్రీంకోర్టు దాకా వెళ్ళాయి. డబ్బు కోసం అబద్ధపు దరఖాస్తులు పెట్టారని కొందరన్నారు. కొన్ని అలాంటివి ఉండొచ్చు. కానీ అసలు కారణం వేరే ఉంది. పాజిటివ్ వచ్చిన 30 రోజుల్లో చనిపోతే, ఆస్పత్రి బయట చనిపోయినా సరే, కరోనా మరణంగానే చూడాలని పరిహారం నిబంధనల్లో రాశారు. అంతకుముందు రోజువారీ బులెటిన్‌లోకి ఎక్కువగా వచ్చింది ఆస్పత్రి నుంచి కబురు అందిన చావే. నిర్వచనం మారింది, లెక్క మారింది. అయితే పరీక్షే చేయించుకోకుండా ఇంట్లో ఊపిరాడక పోయినవాళ్ళు ఈ రెండు లెక్కల్లోనూ లేరు.

వాళ్ళెందుకు పరీక్ష చేయించుకోలేదని అడిగేవాళ్ళకు ఒక్క సంగతి గుర్తుచేస్తాను. 2020 జూన్‌లో మన పలాసలో ఒక మృతదేహాన్ని జేసీబీలో తీసుకెళ్ళారు. అది చూసిన ఏ కుటుంబమైనా జ్వరం సంగతి బయటకు చెప్పడానికి భయపడదా? ఆ అవమానం కూడా మన అంకెల్ని తగ్గించింది.

ఉద్దానం మాట చెప్పకుండా ఈ జిల్లాలో ఆరోగ్య గణాంకాల గురించి మాట్లాడకూడదు. కవిటి, సోంపేట, కంచిలి వైపు ఏళ్ళ తరబడి కిడ్నీ జబ్బుతో బాధపడుతున్నవారికి కరోనా సోకి చనిపోతే కారణం ఏమని రాయాలి? మూలకారణం కరోనాయే అయితే కరోనా అనే రాయాలని 2020లోనే ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) చెప్పింది. కానీ రాయడానికి డాక్టరుండాలి కదా! 2020లో దేశంలో నమోదైన మరణాల్లో డాక్టరు కారణం ధ్రువీకరించినవి నూటికి 22 మాత్రమే. మిగతావాటికి కారణం ఇంట్లోవాళ్ళు చెప్పిందే. కిడ్నీ పేషెంటు పోయాడంటే ఊళ్ళో అందరూ కిడ్నీ వల్లే అనుకుంటారు.

ఇంకొకటుంది. చావు ఎక్కడ జరిగితే అక్కడే నమోదు చేయాలన్నది చట్టం. మన జిల్లా నుంచి హైదరాబాదుకో చెన్నైకో పనికి వలసపోయి అక్కడే చనిపోయినవాళ్ళు మన జిల్లా లెక్కలో కనబడరు. ఒడిశా నుంచి మన ఆస్పత్రులకు వచ్చి చనిపోయినవాళ్ళు కనబడతారు. జిల్లాల మధ్య పోలికలు చూపించే పట్టికలు చూసేటప్పుడు విద్యార్థులు ఈ సంగతి మరిచిపోవద్దు.

ఇంకో అన్యాయం కూడా జరుగుతోంది. కేరళ పాత రికార్డులన్నీ తిరగేసి, వదిలేసిన మరణాల్ని తర్వాత కలిపింది. దాని లెక్క 70 వేలు దాటింది. మనకంటే జనాభా తక్కువున్న రాష్ట్రం అది. ఇప్పుడు కేరళలో మనకంటే ఎన్నో రెట్లు ఎక్కువ మంది చనిపోయారని ఎవరైనా చెబితే నేను ఒప్పుకోను. వాళ్ళు వెతికి లెక్కపెట్టారు. వెతికినవాడికి చెడ్డపేరు, వెతకనివాడికి మంచిపేరు వస్తే రేపు మళ్ళీ ఇలాంటి జబ్బు వచ్చినప్పుడు ఏ జిల్లా అధికారి నిజం చెబుతాడు?

ఇక్కడ సచివాలయ సిబ్బంది, ఆశా కార్యకర్తలు, విలేకరులు కూర్చున్నారు కాబట్టి రెండు విషయాలు అడుగుతున్నాను. మరణాన్ని 21 రోజుల్లో ఉచితంగా నమోదు చేయించుకోవచ్చు. ఆస్తి గొడవో పింఛనో వచ్చినప్పుడే సర్టిఫికెట్ కోసం పరుగెత్తే అలవాటు మన ఊళ్ళలో ఇంకా ఉంది. ముసలివాళ్ళ, ఆడవాళ్ళ, పసిపిల్లల చావులే ఎక్కువగా జారిపోతున్నాయి. ఆ ఇళ్ళకు మీరే వెళ్ళండి. రెండోది జిల్లా యంత్రాంగానికి. మండలాలవారీగా ఏ నెలలో ఎన్ని మరణాలు నమోదయ్యాయో, పేర్లు లేకుండా, ప్రతి నెలా బయటపెట్టండి. 2018 నుంచి పాతవి కూడా ఇవ్వండి. 2021 మే నెల అంకెను 2019 మే అంకె పక్కన పెట్టి చూసే పని మన డిగ్రీ కాలేజీ పిల్లలే చేయగలరు.