ఐదు గంటలకు వచ్చినవాడి కూలి

సంఘ పెద్దలకు, సహోదరీ సహోదరులకు వందనాలు.

ఒంగోలులో సేవ చేసిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర పేరు ఎత్తితే చాలు, మనకు 1878 జూలై 3 గుర్తొస్తుంది. వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏటిలో ఆ ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ సంఖ్యను ఎన్ని వేదికల మీద విన్నానో లెక్కలేదు. నాకైతే దానికి ముందు గడిచిన నెలలే ఎక్కువ విలువైనవి.

1876లో వానలు మొహం చాటేశాయి, కరువు వచ్చింది. ప్రభుత్వం కరువు పనుల కింద బకింగ్‌హాం కాలువ తవ్విస్తోంది. క్లౌ సర్వే పని తెలిసిన మనిషి. మూడున్నర మైళ్ల తవ్వకాన్ని తానే కాంట్రాక్టుకు తీసుకున్నాడు. సువార్తికులు మేస్త్రీలయ్యారు. పారలు, మట్టి తట్టలు పట్టుకుని వచ్చినవారిలో చాలామంది మాదిగలు. పగలు కట్ట మీదికి మట్టి మోయడం, పని ఆపిన వేళ చెట్టు నీడన వాక్యం వినడం. అలా విన్నవారు బాప్తిస్మం ఇమ్మని అడిగారు. దొర ఇవ్వలేదు. కరువు తగ్గి, ఇక తన దగ్గర పంచడానికి డబ్బు లేదని చెప్పిన తర్వాతే బాప్తిస్మాలకు ఒప్పుకున్నాడు.

తట్ట మోసినవాడికి కూలి ఇవ్వాల్సిందే. వాడు ప్రభువును నమ్ముతాడా లేదా అన్నది వేరే లెక్క. ఈ రెండింటినీ కలిపేస్తే కూలి లంచమవుతుంది, బాప్తిస్మం బేరమవుతుంది.

మత్తయి సువార్త 20లో యేసు చెప్పిన కథలో ద్రాక్షతోట యజమాని సాయంత్రం ఐదు గంటలకు కూడా సంతకు వెళ్లాడు. ఊరికే ఎందుకు నిలబడ్డారని అడిగితే, మమ్మల్ని ఎవరూ పనికి పిలవలేదని అక్కడున్నవాళ్లు అన్నారు. తెల్లవారుజామున మన కూలీల అడ్డా మీద అన్నం క్యారియర్ పట్టుకుని నిలబడేవాళ్లను చూడండి. పదైనా ఎవరూ పిలవకపోతే ఆ క్యారియర్ మూత తీయడానికి కూడా వాళ్లకు మనసు రాదు. పని దొరకనంత మాత్రాన ఇంట్లో ఆకలి సగం కాదు కదా! అందుకే ఆ యజమాని గంటలు లెక్కపెట్టలేదు, ఒక రోజు కూలి అయిన దేనారం పూర్తిగా చేతిలో పెట్టాడు. అదీ చీకటి పడగానే, ఆనాటి కూలి ఆనాడే.

బిగపట్టిన కూలి మొర్రపెడుతుందని యాకోబు తన పత్రికలో రాశాడు. ఆ మాట ఎవరో భూస్వాముల గురించి అనుకుంటూ వచ్చాను. కానీ మన మందిరం ప్రహరీ గోడ కట్టిన మేస్త్రీకి ఇంకా బాకీ ఉన్నాం. మూడు ఆదివారాలు వచ్చాడు. గేటు బయటే చెప్పులు విడిచి, ఆరాధన జరుగుతోందని కాసేపు చూసి, వెళ్లిపోయాడు.

కోశాధికారి గారు ఇక్కడే ఉన్నారు. ప్రార్థన ముగియగానే ఆ లెక్క తీయమని కోరుతున్నాను.