మట్టి మూసలో ఉక్కు: అబ్బీడేల్ కత్తుల కార్ఖానాను చూడటం ఎలా

అందరికీ నమస్కారం.

ఇంగ్లండులో షెఫీల్డ్ నగరానికి దక్షిణపు అంచున, షీఫ్ అనే చిన్న నది ఒడ్డున అబ్బీడేల్ ఉంది. అది కార్ఖానా చుట్టూ ఏర్పడ్డ పల్లె. అక్కడ సైద్‌లు చేసేవాళ్లు. సైద్ అంటే పొడవాటి కర్రకు బిగించి, రెండు చేతులతో పట్టుకుని, నిలబడే గడ్డి కోసే పెద్ద వంపు కత్తి. 1933లో పని ఆగిపోయింది. 1970లో మ్యూజియంగా తెరిచారు. చెరువు, నాలుగు నీటి చక్రాలు, ఉక్కు కరిగించే కొలిమి, సమ్మెటల షెడ్డు, సాన పట్టే గది, పనివాళ్ల ఇళ్లు అన్నీ ఒకే ఆవరణలో ఉన్నాయి.

వెళ్లినవాళ్లు ముందు నీటి చక్రాల దగ్గరికే పరుగెత్తుతారు. మీరు మాత్రం మూసలు చేసే గదితో మొదలుపెట్టండి. మూస అంటే ఉక్కును కరిగించే మట్టి పాత్ర. అక్కడి మట్టి పని అర్థం కాకపోతే మిగతా కార్ఖానా ఉత్త యంత్రాల కొట్టులా కనిపిస్తుంది.

అసలు మూస ఎందుకు కావలసి వచ్చింది? ఆ రోజుల్లో ఇనుప కడ్డీలను బొగ్గుపొడిలో పూడ్చి రోజుల తరబడి కాల్చి ఉక్కు చేసేవారు. కార్బన్ పైనుంచి లోపలికి పాకేది కాబట్టి కడ్డీ పైపొర గట్టిగా, నడిమి భాగం మెత్తగా ఉండేది. అలాంటి ఉక్కుతో కత్తి చేస్తే అంచు ఒకచోట పెళుసు, ఇంకోచోట మొద్దు. 1740లలో బెంజమిన్ హంట్స్‌మన్ అనే గడియారాల పనివాడు ఆ కడ్డీలను ముక్కలు చేసి, మూసలో పూర్తిగా కరిగించాడు. కరిగితే కార్బన్ అంతటా సమంగా కలుస్తుంది.

మూసకు రకరకాల మట్టి, కొంచెం కోక్ (కాల్చి శుద్ధి చేసిన రాతిబొగ్గు) పొడి, నీళ్లు కలిపి గంటల తరబడి వట్టి కాళ్లతో తొక్కేవారు. చిన్న గులకరాయి ఉన్నా, గాలి బుడగ ఉన్నా అరికాలికి తెలిసిపోతుంది. ఆ బుడగ ఒక్కటి మిగిలినా నిప్పుల్లో ఉబ్బి మూసను పగలగొడుతుంది. అచ్చులో నొక్కి చేసిన మూసలను వారాల పాటు అరల మీద ఆరబెట్టి, కరిగింపుకు ముందు రాత్రి సన్నని సెగ మీద కాల్చేవారు. తొందరపడితే బీటలే.

మూసలో సుమారు 25 కిలోల ఉక్కు ముక్కలు వేస్తారు. కరగడానికి మూడు నాలుగు గంటలు పడుతుంది. ఒక మూస మూడు కరిగింపులకే పనికొస్తుంది, అదీ ఒకే రోజున, చల్లారనివ్వకుండా. రెండోసారి, మూడోసారి సరుకు కొద్దికొద్దిగా తగ్గిస్తారు. పైన తేలే చిట్టెం (కరిగిన మలినాలు) తాను తాకినచోట గోడను తినేస్తుంది. అదే మట్టంలో మళ్లీ నింపితే మూసకు అక్కడే చిల్లు పడుతుంది.

కరిగిన వెంటనే పోయకూడదు. ఉక్కు ఇంకా కుతకుతలాడుతుంటుంది. అప్పుడు పోస్తే అచ్చులో గడ్డకట్టే ఉక్కు దిమ్మె నిండా గాలి బొక్కలే. మరో అరగంట సెగలోనే ఉంచి, అది నెమ్మదించాక తీయాలి. తీసేవాడు కాళ్లకు తడి గోనెలు చుట్టుకుని, నిప్పుల గుంట అంచున నిలబడి పట్టకారుతో మూసను పైకి లాగుతాడు. పోసేవాడి ధార అచ్చు మధ్యలో నిటారుగా పడాలి. గోడకు తగిలితే అక్కడ చల్లబడి దిమ్మెకు మచ్చ మిగులుతుంది. కొలిమి కింది నేలమాళిగను చాలామంది వదిలేస్తారు. తప్పకుండా దిగి చూడండి. గాలి లాగుడును సరిచేసేది అక్కడినుంచే. మూస పగిలితే ఉక్కు కారేదీ అక్కడికే.

ఇక్కడ మన నిజామాబాద్ జిల్లా కోనసముద్రాన్ని తలచుకోకుండా ఉండలేం. అక్కడి కమ్మరులు మట్టిలో వరి ఊక కలిపి మూసలు చేసి ఉక్కు తీశారు. ఆ ఉక్కు కోసం పారసీక వర్తకులు వచ్చేవారు. షెఫీల్డ్‌లో కోక్ పొడి చేసిన పనినే ఇక్కడ కాలిన ఊక చేసింది. తేడా చివర్లో వస్తుంది: షెఫీల్డ్ వాళ్లు ఉక్కును అచ్చుల్లో పోశారు, మనవాళ్లు మూసలోనే గడ్డకట్టనిచ్చారు.

ఇక సమ్మెటల షెడ్డు. సైద్ మొత్తం ఉక్కుతో చేసేది కాదు. రెండు మెత్తని ఇనుప రేకుల నడుమ ఉక్కు పెట్టి, కాకలో అతికించేవారు. ఉక్కు అంచునిస్తుంది, ఇనుము దెబ్బను ఓర్చుకుంటుంది. పొరల మధ్య మురికి చేరితే అతుకు పట్టదు, కొన్నాళ్లకు పొర లేస్తుంది. కాక తక్కువైనా అతకదు, ఎక్కువైతే ఉక్కు రవ్వలు చిమ్ముతూ మాడిపోతుంది. తూము ఎత్తితే నీటి చక్రం తిరుగుతుంది. ఇరుసు మీది పళ్లు సమ్మెట తోకను నొక్కి వదులుతాయి. తోక దిగినప్పుడు తల లేస్తుంది, వదలగానే పడుతుంది. కమ్మరి చేతులు రెండూ కత్తిని తిప్పడానికే.

చివరగా సాన గది. పనివాడు చెక్క జీను మీద కాళ్లు చెరోవైపు వేసి కూర్చుని, ఎదురుగా తిరిగే పెద్ద ఇసుకరాతి చక్రానికి కత్తిని అదిమిపట్టేవాడు. రాయి అడుగున నీళ్ల తొట్టి ఉంటుంది. నీళ్లు కత్తి కాకెక్కకుండా కాపాడతాయి, ఊపిరితిత్తులను తినే దుమ్మునూ కొంత అణుస్తాయి. కానీ పని అయ్యాక రాయిని నీళ్లలో నిలవనివ్వకూడదు. మునిగిన వైపు రాత్రంతా నీరు పీల్చి బరువెక్కుతుంది. మర్నాడు వేగం అందుకోగానే తూకం తప్పి, రాయి పగిలి ఎదురుగా కూర్చున్నవాడి మీదికే వస్తుంది.