వాతావరణ శాస్త్రం చదివితే ఏ ఉద్యోగాలొస్తాయి?

శ్రోతలకు నమస్కారం.

వాతావరణ శాస్త్రంలో డిగ్రీ చేతికొచ్చాక చాలామందికి కనిపించే దారులు రెండే. ఒకటి ప్రభుత్వ వాతావరణ కేంద్రం, రెండోది పరిశోధన. రెండు చోట్లా ఖాళీలు తక్కువ, పోటీ ఎక్కువ. కానీ ఈ చదువు నేర్పింది వాన ఎప్పుడొస్తుందో చెప్పడం ఒక్కటే కాదు. లోపాలున్న బోలెడు డేటాలోంచి ఒక అంచనా తీయడం, దాన్ని ఎంతవరకు నమ్మవచ్చో కూడా చెప్పడం నేర్పింది. ఆ పనితో అవసరం ఉన్నవాళ్లు బయట చాలామందే ఉన్నారు.

పవన విద్యుత్తునే తీసుకోండి. గాలిలోని శక్తి దాని వేగపు ఘనాన్ని బట్టి పెరుగుతుంది. అంటే వేగం 10 శాతం పెరిగితే శక్తి 33 శాతం పెరుగుతుంది. అందుకే వేగం అంచనాలో చిన్న తేడా ఆదాయం లెక్కలో పెద్ద తేడా అవుతుంది. పైగా వాతావరణ కేంద్రాల్లో గాలిని మామూలుగా 10 మీటర్ల ఎత్తున కొలుస్తారు. పెద్ద గాలిమరల ఇరుసు 100 మీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. రాత్రి నేల చల్లబడ్డాక కింద ఆకు కదలకపోయినా, ఆ ఎత్తున గాలి జోరుగా వీస్తూ ఉండవచ్చు. కింద కొలిచిన గాలి నుంచి పై గాలిని అంచనా కట్టే పగటి సూత్రాన్నే రాత్రికీ వాడితే లెక్క తప్పుతుంది. ఉత్త ప్రోగ్రామర్‌కు ఈ సంగతి తట్టకపోవచ్చు, మీకు తట్టాలి.

బీమా కంపెనీలకు తుపాన్లు, వరదల నష్టభయం లెక్కగట్టేవాళ్లు కావాలి. ‘వందేళ్లకోసారి వచ్చే వరద’ అంటే ఏటా 1 శాతం అవకాశం ఉన్న వరద. 30 ఏళ్లలో ఒక్కసారైనా అది వచ్చే అవకాశం దాదాపు 26 శాతం. ఇల్లు కట్టేవాళ్లకు, అప్పిచ్చేవాళ్లకు ఈ రెండో అంకె కావాలి. ఇవి కాక గాలి కాలుష్యం, విమానయానం, సాగునీటి నిర్వహణ ఉండనే ఉన్నాయి. ఫోర్‌కాస్టర్‌గానే స్థిరపడాలనుకుంటే మాత్రం, ప్రపంచ వాతావరణ సంస్థ నిర్దేశించిన పాఠ్యాంశాలన్నీ మీ కోర్సులో ఉన్నాయో లేదో ముందే చూసుకోండి.

దరఖాస్తులో ‘మోడలింగ్ తెలుసు’ అని రాస్తే ఎవరూ పట్టించుకోరు. ఒక చిన్న ప్రాజెక్టు చేసి చూపించండి. కొలతలనూ కంప్యూటర్ మోడల్‌నూ కలిపి ప్రపంచమంతటి గత వాతావరణాన్ని తిరిగి కట్టిన ఈఆర్ఏ-5 అనే డేటా ఉచితంగా దొరుకుతుంది, 1940 నుంచి గంట గంటకూ ఉంటుంది. ఒక స్టేషన్ కొలతలతో దాన్ని పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో పోల్చండి. చాలామంది బోర్లాపడే చోట్లు కొన్ని ఉన్నాయి. ఆ డేటా సమయం యూటీసీలో, అంటే ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయంలో ఉంటుంది, స్టేషన్‌ది స్థానిక సమయం కావచ్చు. సరిచూడకపోతే మన మధ్యాహ్నపు ఎండ పొద్దున ఆరున్నరకు జరుగుతుంది. ఉష్ణోగ్రత కెల్విన్‌లో ఉంటుంది, వాన మీటర్లలో ఉంటుంది కాబట్టి మిల్లీమీటర్లకు 1000తో గుణించాలి. ఇక గాలి దిశ. 350 డిగ్రీలకూ 10 డిగ్రీలకూ మామూలు సగటు తీస్తే 180 వస్తుంది. ఉత్తరపు గాలి కాస్తా దక్షిణపు గాలి అయిపోతుంది! ముందు తూర్పు-పడమర, ఉత్తర-దక్షిణ భాగాలుగా విడదీసి, వాటికి సగటు తీసి, తిరిగి దిశ కట్టాలి. ఇలాంటి తప్పును ఎలా పట్టుకున్నారో రెండు వాక్యాల్లో రాస్తే, నా లెక్కన అది పేజీడు సర్టిఫికెట్ల జాబితా కంటే మేలు.

ఆ ప్రాజెక్టులో మీరే ఒక అంచనా కడితే, ‘నిన్న ఎలా ఉందో ఇవాళా అంతే’ అనే అంచనాతో పోల్చి చూడండి. దాన్ని కూడా గెలవలేకపోతే ఆ మాట దాచకుండా రాయండి.

ఇంటర్వ్యూలో తరచుగా ఎదురుకాగల ప్రశ్న ఒకటుంది. “వానకు 70 శాతం అవకాశం అన్నారు, పడలేదు. మీ అంచనా తప్పేనా?” ఒక్క రోజును చూసి ఆ మాట తేల్చలేమని చెప్పండి. 70 శాతం అన్న రోజులన్నీ ఒకచోట చేర్చి, వాటిలో ఎన్నిటికి వాన పడిందో లెక్కపెట్టాలి. పదింట ఏడుకు దగ్గరగా ఉంటే ఆ అంకెను నమ్మవచ్చు. పదింట పదికీ పడితే, అప్పుడూ అంచనాను సరిచేయాల్సిందే.